వరద సాయంలో మనం మరచిన పొత్తిగుడ్డ

'పొత్తిళ్ళలో బిడ్డ' అనే మాటను మనం నేటికీ కథల్లోనూ, వార్తల్లోనూ చదువుతూనే ఉన్నాం. ఆ పొత్తిళ్ళంటే ఏమిటని యువ తల్లిదండ్రులను అడిగితే పలువురు తడుముకుంటారు. పసిబిడ్డకు చుట్టడానికీ, కింద పరచడానికీ వాడే మెత్తని పాత నూలుగుడ్డలే పొత్తిగుడ్డలు. తాతగారి పంచె, అమ్మమ్మగారి చీర ఉతికి ఉతికి మెత్తబడిన పిమ్మట వాటిని ముక్కలుగా చింపి, కాన్పుకు ముందే మూటగట్టి ఉంచేవారు. ఆ మూట దాదాపు ప్రతి ఇంటా ఉండేది. దానికి ధర లేదు. ధర లేదు గనుక ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు.

విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వమూ, దాతలూ బియ్యం ఇస్తారు, దుప్పట్లు ఇస్తారు, నగదు ఇస్తారు. పసిబిడ్డ తడి గుడ్డ సంగతి ఇల్లే చూసుకుంటుందని మొదటి నుంచీ అనుకుంటూ వచ్చాం. ఆ ఇల్లే నీట మునిగినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్న మన చరిత్రలో ఎంత ఆలస్యంగా తలెత్తిందో, దానికి నేడు ఏ సమాధానం ఇవ్వవచ్చునో ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

మూసీ వరద, దివిసీమ ఉప్పెన

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని మా వైద్యలోకంలో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రాసాదాల ద్వారాలు తెరిపించి ఆశ్రయమిచ్చాడు, అన్నశాలలు పెట్టించాడు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు రావడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తికావడం మీరెరిగినవే.

అన్నశాలల గురించీ, ఆనకట్టల గురించీ చరిత్ర ఇంతగా చెప్పింది గాని, చంటిబిడ్డతో బయటపడిన బాలింత ఆ రాత్రి దేనిని చింపి బిడ్డ కింద వేసిందో చెప్పలేదు. బహుశా తన చీరచెంగునే చింపి ఉంటుంది. నాడు ఒంటిమీది బట్ట నూలుబట్టే. చింపితే అదే పొత్తిగుడ్డ అయ్యేది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించినప్పుడు కూడా ఈ పరిస్థితి పూర్తిగా మారలేదు. పది వేలకు పైగా ప్రాణాలు పోయిన ఆ విషాదంలో రాష్ట్రం నలుమూలల నుంచి పాత బట్టల మూటలు తరలివచ్చాయి. వాటిలో నూలుపంచెలు, నేతచీరలు ఎక్కువ. దాతలు పెద్దల కోసం పంపిన బట్ట, ఎవరూ చెప్పకుండానే, పిల్లలకు పొత్తిగుడ్డగా మారింది. ఆ సౌలభ్యం నేడు లేదు. ఇప్పుడు మనం దానమిచ్చే పాత బట్టల్లో పాలిస్టరు, నైలాను, వాటి మిశ్రమాలే అధికం. అవి తడిని పీల్చవు. బిడ్డ చర్మం మీదనే నిలుపుతాయి.

డైపరు వచ్చిన దారి

పాశ్చాత్య దేశాలలోనూ చిరకాలం గుడ్డలే వాడారు. 1849లో పిన్నీసుకు పేటెంటు వచ్చాక ఆ గుడ్డను బిగించడం సులువైంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక మారియన్ డోనోవన్ అనే అమెరికా గృహిణి స్నానపుగది తెర గుడ్డను కుట్టి, తడి బయటకు రాని తొడుగును తయారుచేసింది. 1951లో దానికి పేటెంటు పొందింది. 1961లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పాంపర్స్‌ను విపణిలో పరీక్షించింది. 1980లలో తన బరువుకు ఎన్నో రెట్లు ద్రవాన్ని పీల్చుకొనే పాలిమరు పొడిని చేర్చడంతో నేటి పలుచని డైపరు రూపొందింది.

మన దేశంలో అది తొలుత సంపన్నుల వస్తువు. ప్రయాణాలకు మాత్రమే వాడేవారు. క్రమంగా మందుల దుకాణం నుంచి కిరాణా కొట్టుకు చేరి, ఒకటి రెండు చొప్పున విడిగా అమ్మే స్థితికి వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రులలో ప్రసవించిన తల్లులకు ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో సబ్బులు, దోమతెర, నూనెతోపాటు డైపర్లు కూడా ఉన్నాయి. పేదింటి బిడ్డకు సైతం ఇది అవసరమని ప్రభుత్వం గుర్తించిన సందర్భమది. పన్నుల విషయంలో ఆ గుర్తింపు ఆలస్యమైంది. శానిటరీ న్యాప్కిన్లపై జీఎస్టీ 2018 జులైలోనే తొలగిపోగా, పసిపిల్లల న్యాప్కిన్లు, డైపర్లపై ఉన్న 12 శాతం 2025 సెప్టెంబరు 22న గాని 5 శాతానికి తగ్గలేదు.

మూసాపేట గదిలో మారినదేమిటి?

పేరు విని మూసాపేట మూసీ ఒడ్డున ఉందనుకొనేవారున్నారు. ఇది నగరానికి వాయవ్యాన, కూకట్‌పల్లికీ సనత్‌నగర్‌కూ నడుమ ఉంది. ఈ ప్రాంతపు వాననీరు కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్ చేరుతుంది. ఒకనాడు బాలానగర్, సనత్‌నగర్ కర్మాగారాల కార్మికులకు నివాసమైన ఈ పేట, 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైన తరువాత మరొక శ్రామికవర్గానికి కూడా నీడనిచ్చింది. ఐటీ కార్యాలయాలను ఊడ్చేవారు, కాపలా కాసేవారు, అపార్టుమెంట్లలో వంటచేసేవారు, తాపీపనివారు ఇరుకైన అద్దెగదులలో కాపురముంటారు. శ్రీకాకుళం, పాలమూరుల నుంచీ, ఒడిశా, బిహార్‌ల నుంచీ వచ్చినవారున్నారు.

పొత్తిగుడ్డ అనే పాత పద్ధతి నడవడానికి నాలుగు వసతులు కావాలి: పాత నూలుబట్ట, ధారాళమైన నీరు, ఎండ తగిలే పెరడు, ఉతికి ఆరవేసే మరొక మనిషి. ఆ మనిషి ఒకప్పుడు అమ్మమ్మో, నాయనమ్మో, చాకలి స్త్రీయో. అద్దెగదిలో ఈ నాలుగూ అరుదే. నీరు బిందెల లెక్క. దండెం నడవాలో ఉంటుంది. అమ్మమ్మ ఊళ్ళో ఉంటుంది. తల్లి తెల్లవారుజామున పనికి వెళుతుంది. అందుచేత ఆమె డైపరు కొనడం విలాసం కోసమనుకోవడం పొరపాటు. ఒక్కొక్కటి పది రూపాయలనుకొని, రోజుకు ఆరు వాడితే నెలకు 1,800 రూపాయలు. ఇళ్ళలో పనిచేసే స్త్రీకి అది ఒక ఇంటి నెలజీతం కావచ్చు. కనుకనే రోజుకు రెండింటితో సరిపెట్టి, తడిసిన దానినే గంటల తరబడి ఉంచుతారు.

మామూలు రోజులలోనే పరిస్థితి ఇది. ఇక విపత్తు వేళ ఎలా ఉంటుందో ఆలోచించండి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పనులు ఆగిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. మే 1న దేశంలోని తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. పై లెక్క ప్రకారం 500 రూపాయలకు 50 డైపర్లు వస్తాయి. ఎనిమిది రోజులకు చాలవచ్చు, మరేమీ కొనకపోతే.

అదే ఏడాది అక్టోబరు 13, 14 తేదీలలో కుండపోత కురిసి లోతట్టు బస్తీలు అనేకం మునిగాయి. బాధిత కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున ప్రభుత్వం ప్రకటించింది. నగదు మంచిదే. అయితే నీరు తీయని తొలి రోజులలో కొట్లు తెరచి ఉండవు. ఆనాడు తల్లి చేతికి కావలసింది వస్తువు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు డ్రోన్లతో ఆహారం, నీరు అందించగలిగాం. డైపరు వాటికంటె తేలికైన వస్తువు.

తడిగుడ్డ చేసే కీడు

బిడ్డ మూత్రంలోని యూరియాను మలంలోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. దానితో చర్మం సహజంగా కలిగి ఉండే స్వల్ప ఆమ్లగుణం నశిస్తుంది. అప్పుడు మలంలోని ఎంజైములు చురుకుగా పనిచేసి, నానిన చర్మాన్ని ఒరిపివేస్తాయి. ఎర్రదనం, మంట, పిమ్మట పుండ్లు. ఆ తడిలో కాండిడా అనే శిలీంధ్రం చేరితే తొడ ముడుతలలో చిక్కని ఎరుపు, దాని చుట్టూ చిన్నచిన్న పొక్కులు కనబడతాయి.

రెండవ కీడు అతిసారం. 'పసిబిడ్డ మలానికి దోషం లేదు' అని మన పెద్దలు అనేవారు. వైద్యశాస్త్రం దానిని అంగీకరించదు. శిశువుల మలంలో రోటావైరస్ వంటి రోగకారకాలు విస్తారంగా ఉండవచ్చు. ఒకే హాలులో అనేక కుటుంబాలు నిద్రించే శిబిరంలో ఒక మైలగుడ్డ చాలు. మూడవది చలి: నెలలోపు శిశువు తడిబట్టలో ఉంటే ఒంటి వేడి వేగంగా పడిపోతుంది. బరువు తక్కువగా పుట్టినవారికి ఇది ప్రాణాంతకం.

నాలుగవది తల్లి మనసు. అమెరికాలో 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, న్యూహేవెన్ నగరపు అల్పాదాయ తల్లులలో దాదాపు 30 శాతం మంది తగినన్ని డైపర్లు కొనలేకపోతున్నామన్నారు. వారిలో మానసిక అవసరాలు తీరని తల్లులు ఎక్కువగా కనబడ్డారు. ఏడుస్తున్న బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తెలిసి కూడా ఏమీ చేయలేని స్థితి అది. ఆ దేశంలో ఆహార సహాయ పథకపు సొమ్ముతో డైపర్లు కొనరాదు. అందుకే విరాళంగా డైపర్లు సేకరించి పంచే 'డైపర్ బ్యాంకులు' పుట్టి, 2011లో జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ప్రమాణాలలో ఏమున్నది?

అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే 'స్పియర్' ప్రమాణాల 2004 నాటి ప్రతిలో రెండేళ్ళలోపు బిడ్డకు, వాడుక ఉన్నచోట, ఉతికి వాడదగిన 12 గుడ్డలు గాని డైపర్లు గాని ఉండాలని స్పష్టంగా రాశారు. మన విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 12వ సెక్షను ప్రకారం కనీస సహాయ ప్రమాణాలు రూపొందాయి. వాటిలో స్త్రీలకు శానిటరీ న్యాప్కిన్లు, పిల్లలకూ బాలింతలకూ పాలు పేర్కొన్నారు. ఆ వరుసలోనే బిడ్డ పొత్తిగుడ్డకూ ఒక పంక్తి చేర్చడం కష్టమైన పని కాదు.

డైపర్ల చెత్త మాటేమిటని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాలాలో విసిరిన డైపరు ఉబ్బి, మరుసటి వరదకు అడ్డుకట్ట అవుతుంది. నీరూ, ఎండా, తీరికా ఉన్న రోజులలో నూలుగుడ్డే మేలని నేనూ చెబుతాను. వరద తొలి వారంలో మాత్రం ఉతకడానికి శుభ్రమైన నీరు ఉండదు, ఆరడానికి చోటు ఉండదు. వరదనీటిలో జాడించిన గుడ్డ బిడ్డకు రోగాన్ని చుట్టడమే. అందుచేత రెండు దశలు పాటించమంటాను: మొదటి వారం డైపర్లు, ఆపైన 12 నూలుగుడ్డలు.

దాతలకు, స్వచ్ఛంద కార్యకర్తలకు

- ఒక్కొక్క బిడ్డకు వారానికి 50 డైపర్లు, బిడ్డ బరువును అడిగి తగిన సైజులో ఇవ్వండి. మూడు సైజులు దగ్గర ఉంచుకుంటే చాలామందికి సరిపోతాయి.
- రెండవ వారానికి 12 మెత్తని నూలుగుడ్డలు, బట్టల సబ్బు, మూతగల బకెట్టు, దండెం తాడు ఇవ్వండి.
- వాడిన డైపర్లు చుట్టడానికి పాత వార్తాపత్రికలు, వేయడానికి వేరే మూతడబ్బా శిబిరంలో ఏర్పాటు చేయండి.
- డైపర్లతోపాటు పాలపొడి డబ్బాలు, పాలసీసాలు పంచవద్దు. మురికినీటితో కలిపిన పాలపొడి బిడ్డ ప్రాణానికి ముప్పు. దాని పంపిణీపై 1992 నాటి చట్టం ఆంక్షలు విధించింది. తల్లిపాలు కొనసాగేలా చూడండి.
- మంచాన పడిన వృద్ధులకు పెద్దల డైపర్లు అవసరమేమో అడగండి. వారు తమంతట తాము అడగరు.

తల్లులకు

- మూడు నాలుగు గంటలకొకసారి, విరేచనమైతే వెంటనే మార్చండి. శుభ్రమైన నీటితో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలి తగలనివ్వండి. కొబ్బరినూనె గాని జింక్ ఆక్సైడు లేపనం గాని పలుచగా రాయండి. పౌడరు చల్లవద్దు.
- మూడు రోజులలో ఎరుపు తగ్గకుంటే బస్తీ దవాఖానాలో చూపించండి. దుకాణంలో అడిగి తెచ్చే మిశ్రమ క్రీములలో స్టెరాయిడ్లు ఉంటాయి. అవి లేత చర్మాన్ని పాడుచేస్తాయి.
- డైపరు వాడినా తడి లెక్క మరువవద్దు. చాలినన్ని పాలు తాగే శిశువు రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంది. ఆరు గంటలపాటు పోయకున్నా, బిడ్డ మత్తుగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

వానాకాలానికి ముందు మీ కాలనీ సంఘం సమావేశమైనప్పుడు ఇసుకబస్తాల గురించీ, మోటారు పంపుల గురించీ మాట్లాడుకుంటారు. ఆ చిట్టాలో మీ వీధి రెండేళ్ళలోపు పిల్లల సంఖ్యను కూడా రాయించండి. అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడిగితే ఆ సంఖ్య అయిదు నిమిషాలలో దొరుకుతుంది. దానిని బట్టి ఒక వారానికి సరిపడా డైపర్లు కొని, మీ సంఘం కార్యాలయపు అటక మీద, తడి తగలనిచోట ఉంచండి.