పులగం - పాత పథ్యం

మా రాయలసీమలో భోగినాడు పొట్టు పెసరపప్పు పులగం, పల్లీల పచ్చడి తప్పనిసరి. కడుపు చెడినందున మూడేళ్ళు ఆ పంక్తిలో నేను కూర్చోలేదు.

బియ్యం, పెసలు కలిపి వండి నెయ్యితో ఉదయంపూట తినే 'కిష్రీ' గురించి 14వ శతాబ్దంలోనే ఇబ్న్ బతూతా రాశాడు. చరక సంహిత శోధన చికిత్స తరువాత పేయ, విలేపి, యూషం అంటూ పల్చని ఆహారంతో మొదలుపెట్టమంది. మిరపకాయ పోర్చుగీసువారి వెంట వచ్చినది. అంతకుముందు మన కారం మిరియాలే.

ఇది తెలిశాక, డాక్టరుగారినడిగి, మా ఆవిడ పొట్టుతీసిన పప్పు వేసి, నీళ్ళు ఎక్కువపోసి మెత్తగా ఉడికించింది. జీలకర్ర, చిటికెడు మిరియాలపొడి, చెంచాడు నెయ్యి. పచ్చడి మానేశాను.

నేను వదిలింది సంప్రదాయాన్ని కాదు, మధ్యలో వచ్చిన మిరపకాయను. మొన్న భోగికి మనవళ్ళ పక్కనే పంక్తిలో కూర్చున్నాను.