యుద్ధం ముగిసిన తేదీ ఎవరిది? కొసావో రోమా స్త్రీలు: పరిహారం, శిబిరం, సాక్ష్యం

కొసావో యుద్ధంలో లైంగిక హింసకు గురైనవారిని కూడా యుద్ధ బాధితులుగా గుర్తిస్తూ అక్కడి శాసనసభ 2014లో చట్టాన్ని సవరించింది. 2018 ఫిబ్రవరిలో ప్రభుత్వ కమిషన్ దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. కమిషన్ నిర్ధారించినవారికి నెలకు 230 యూరోల వరకు పింఛను నిర్ణయించారు. స్త్రీ సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్న హక్కు ఇది. దాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ చట్టం ఒక గీత గీసింది. 1998 ఫిబ్రవరి 27కూ 1999 జూన్ 20కీ మధ్య జరిగిన హింసే దాని లెక్కలోకి వస్తుంది. యుగోస్లావ్ సేనలు కొసావోను పూర్తిగా ఖాళీ చేసింది ఆ జూన్ 20 నాటికే. మెజారిటీ అల్బేనియన్లకు అది విముక్తి. అల్పసంఖ్యాకులైన రోమాల ఇళ్లు తగలబడటం మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే.

‘యుద్ధం’, ‘యుద్ధానంతరం’ అని మనం అలవాటుగా చేసే కాలవిభజనే రోమా స్త్రీల నష్టాన్ని లెక్కలోంచి తప్పించిందని ఈ వ్యాసం వాదిస్తుంది. ముద్రిత క్షేత్ర అధ్యయనాలు, మానవ హక్కుల నివేదికలు, న్యాయ నిర్ణయాలు దీనికి ఆధారాలు.

ఇద్దరి మధ్య నలిగినవారు

1999 మార్చి 24న మొదలైన నాటో బాంబు దాడులు 78 రోజులు సాగాయి. జూన్ 10న భద్రతా మండలి 1244వ తీర్మానంతో కొసావో పాలన ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చింది. తరిమివేతకు గురైన లక్షలాది అల్బేనియన్లు తిరిగి ఊళ్లకు చేరుకున్నారు. తిరిగివచ్చినవారిలో కొందరి కోపం రోమాల మీదికి మళ్లింది. ‘సెర్బుల తొత్తులు’ అన్నది వాళ్లపై వచ్చిన ఆరోపణ. దీని వెనుక కొంత చరిత్ర ఉంది. సెర్బియా నేత మిలోసెవిచ్ హయాంలో అల్బేనియన్లను మూకుమ్మడిగా ఉద్యోగాల నుంచి తీసేసినప్పుడు కొందరు రోమాలు కొలువుల్లో మిగిలారు. యుద్ధకాలంలో శవాలను పూడ్చే పనికి రోమా పురుషులను సెర్బు దళాలు బలవంతంగా వాడుకున్నాయి. కొందరు దోపిడీల్లో పాలుపంచుకున్న మాట కూడా నిజమే. కొందరి పనికి మొత్తం జాతిని బాధ్యుల్ని చేశారు.

ఇబర్ నది దక్షిణపు ఒడ్డున మిత్రోవిత్సా పట్టణంలో రోమా మహల్లా అనే పేట ఉండేది. అందులో సుమారు 8 వేల మంది బతికేవారు. 1999 జూన్ ద్వితీయార్ధంలో దాన్ని దోచి, కాల్చి, నేలమట్టం చేశారు. నాటో దళాలు అప్పటికే పట్టణంలో ఉన్నాయి. ఆ వేసవిలోనే అపహరణలు, హత్యలు, అత్యాచారాలు జరిగాయి. సెర్బు దళాలు సాగించిన అత్యాచారాలపై 2000లో వెలువరించిన నివేదికలో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ, నాటో రాక తర్వాత సెర్బు, అల్బేనియన్, రోమా స్త్రీలపై జరిగిన హింసను కూడా ప్రస్తావించింది. చట్టం గడువు తేదీ మాత్రం వీళ్లను అవతల వదిలేసింది.

లెక్కల్లో మూడు పేర్లు

కొసావోలో ‘రోమా’ అంటే ఒకే గుంపు కాదు. రోమానీ భాష మాట్లాడే రోమాలు, అల్బేనియన్ మాట్లాడే అష్కలీలు, అల్బేనియనే మాట్లాడుతూ తమ పూర్వీకులు ఈజిప్టు నుంచి వచ్చారని చెప్పుకునే ఈజిప్షియన్లు అని మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ గుర్తింపులు 1990లలో రాజకీయ ఒత్తిళ్ల మధ్య ఎలా గట్టిపడ్డాయో పరిశోధకులు గేర్ డుయిజింగ్స్, ఎలెనా మరుషియకోవా, వెసెలిన్ పోపోవ్ రచనలు వివరించాయి. సెర్బు వైపో అల్బేనియన్ వైపో తేల్చుకోవలసిన చోట వేరే పేరు చెప్పుకోవడం ప్రాణరక్షణ కూడా అయింది. 2008 రాజ్యాంగం మూడింటినీ విడివిడిగా గుర్తించి శాసనసభలో సీట్లు కేటాయించింది. విరాళ సంస్థలు మాత్రం మూడింటి తొలి అక్షరాలు కలిపి ఒక పొట్టి పేరు తయారుచేసి అందరినీ ఒకే పద్దులో వేశాయి.

ఈ చర్చలో స్త్రీ దాదాపు కనిపించదు. కుటుంబం ఏ పేరు చెప్పుకోవాలో సాధారణంగా ఇంటి పెద్ద నిర్ణయిస్తాడు. ఒక పేరుగల ఇంటి నుంచి మరో పేరుగల ఇంటికి కోడలిగా వచ్చిన ఆమె ఏమని చెప్పుకుంటుందో నమోదు చేయాలని ఎవరికీ తోచదు. సంప్రదాయ పద్ధతిలో జరిగిన పెళ్లికి, ఇంట్లోనే పుట్టిన బిడ్డకు కాగితాలు ఉండవు. మహల్లాలో ఇల్లు ఉండేదని నిరూపించుకోవాలంటే కాగితం కావాలి, అదీ ఉంటే మగవాడి పేరు మీదే ఉంటుంది. భర్త చనిపోయినా, జాడ లేకపోయినా ఆమె నిర్వాసితురాలు కూడా కాదు. నిర్వాసితుడి భార్య మాత్రమే.

సీసం

కాలిపోయిన మహల్లా నుంచి బయటపడినవారిలో కొంతమందిని నదికి ఉత్తరాన జిట్కోవాత్స్, చెస్మిన్ లుగ్, కాబ్లారే శిబిరాల్లో పెట్టారు. తాత్కాలికం అన్నారు. పక్కనే ట్రెప్చా గనుల సముదాయం, విషపూరితమైన ఖనిజ వ్యర్థాల గుట్టలు. 2000 ఆగస్టులో కాలుష్యం కారణంగా అక్కడి సీసం కర్మాగారాన్ని ఐక్యరాజ్యసమితి యంత్రాంగమే మూయించింది. అంటే ప్రమాదం తెలియకపోలేదు. కర్మాగారం మూతపడింది, శిబిరాలు మిగిలాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్షల్లో కొందరు పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 65 మైక్రోగ్రాములు దాటింది. పరికరం కొలవగలిగిన గరిష్ఠం అంతే. అప్పటి ప్రమాణాల ప్రకారం 10 చేరితేనే ఆందోళన పడాలి. 2006లో కొందరిని ఓస్టెరోడె అనే పాత ఫ్రెంచి సైనిక బారకాసుల్లోకి మార్చారు. అది చెస్మిన్ లుగ్‌కు కూతవేటు దూరం. చెస్మిన్ లుగ్ 2010లో, ఓస్టెరోడె 2012లో మూతపడ్డాయి.

జెండర్ దృష్టితో చూసినప్పుడు ఈ కథలో రెండు విషయాలు తేలుతాయి. ఒకటి నింద. శిబిరవాసులు పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసి అమ్ముకోవడమే అసలు కారణమని అధికారుల వైపు నుంచి పదేపదే వినిపించింది. ఆ పని కొంత జరిగిన మాట వాస్తవం. ఇతర ఉపాధి లేనిచోట ఏదో ఒకటి చేయక తప్పదు. నింద పడ్డాక చికిత్స స్థానంలో బోధన వచ్చింది. పిల్లల చేతులు కడగండి, ఇల్లు శుభ్రంగా ఉంచండి, మంచి ఆహారం పెట్టండి అని తల్లులకు హితవు చెప్పారు. నీళ్లు సరిగా రాని గుడిసెలో మట్టిలోంచి, గాలిలోంచి వచ్చే విషాన్ని తల్లి శుభ్రతతో ఆపాలట! పాలనా వైఫల్యాన్ని తల్లి పెంపకం లోపంగా మార్చే ఈ పద్ధతి కొసావోకే పరిమితం కాదు. ఇక్కడ మాత్రం దాని రూపం మరీ నగ్నంగా ఉంది.

రెండోది శరీరం. ఒంట్లోకి చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. స్త్రీ గర్భం దాల్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల నుంచి కాల్షియంతో పాటు సీసం కూడా రక్తంలోకి వస్తుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. శిబిరంలో పెరిగిన బాలిక పెద్దదై, శిబిరం కూల్చేశాక ఎక్కడో బిడ్డను కన్నా ఆ బిడ్డకు శిబిరంతో సంబంధం తెగదు. శిబిరం మూసివేతను పునరావాసం పూర్తయిన తేదీగా రాసుకున్న దస్త్రాలు ఈ కాలాన్ని లెక్కించలేదు.

బాధితులు న్యాయం కోసం ఎక్కిన మెట్లు తక్కువేమీ కాదు. 2006లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్తే, ఐక్యరాజ్యసమితి తమ పరిధిలోకి రాదని కొట్టేశారు. చివరికి ఐక్యరాజ్యసమితి కొసావో యంత్రాంగంపై ఏర్పడిన మానవ హక్కుల సలహా మండలి, 138 మంది ఫిర్యాదుపై 2016 ఫిబ్రవరి 26న అభిప్రాయం వెలువరించింది. జీవించే హక్కు, ఆరోగ్య హక్కులతో పాటు స్త్రీల, పిల్లల హక్కుల ఒప్పందాలూ ఉల్లంఘనకు గురయ్యాయని, జాతి వివక్ష జరిగిందని తేల్చింది. అయితే ఆ మండలిది సలహా మాత్రమే. 2017లో ఐక్యరాజ్యసమితి వ్యక్తిగత పరిహారం బదులు స్వచ్ఛంద విరాళాలతో నడిచే ఒక నిధిని ప్రకటించి ఊరుకుంది. తప్పు చేసిన సంస్థ దాతృత్వం నటించడం నష్టపరిహారం కాదు.

చట్టం గీసే గీతలు

చట్టం తేదీలు వేయడం మనకూ కొత్త కాదు. దేశ విభజన తర్వాత 1949లో భారత రాజ్యాంగ సభ చేసిన అపహృతుల రికవరీ చట్టం 1947 మార్చి 1 నుంచి 1948 చివరిదాకా కాలం నిర్ణయించింది. ఆ మధ్యలో కుటుంబం నుంచి విడిపోయి అవతలి మతస్థుల ఇంట ఉన్న స్త్రీని, ఆమె ఇష్టం అడగకుండానే, ‘అపహృత’ అనుకోమంది. వద్దన్నవాళ్లను కూడా పోలీసులు పట్టుకుపోయారని ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భాసిన్ తమ పరిశోధనల్లో చూపించారు. అక్కడ క్యాలెండరు స్త్రీలను బలవంతంగా లోపలికి లాగింది, కొసావోలో బయటకు నెట్టింది. రెండుచోట్లా స్త్రీ అనుభవానికి సరిహద్దులు గీసింది జాతి గౌరవమే. కొసావో రాజధాని ప్రిష్టినాలో 2015లో ఆవిష్కరించిన హెరోయినాత్ స్మారకంలో 20 వేల పతకాలతో ఒక స్త్రీ ముఖం తీర్చారు. యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీల అంచనా సంఖ్య అది. జాతి వీరగాథగా మారిన ఆ ముఖంలో, జాతి శత్రువుల కింద జమకట్టిన స్త్రీకి చోటెక్కడ?

ఇక మౌనం. మానవశాస్త్రవేత్త వీణా దాస్ విభజన స్త్రీల మాటల్ని, మాట్లాడకపోవడాన్ని కూడా జీవితాన్ని కూడగట్టుకునే పద్ధతులుగా చదివింది. ఆ సూత్రాన్ని రోమా స్త్రీలకు అలాగే అతికించలేం. వాళ్ల మౌనంలో కొంత కుటుంబ పరువుది. బయటపెడితే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి, భర్త వదిలేస్తాడు. మరికొంత చుట్టూ ఉన్న సమాజంపై భయం. దాడి చేసినవారి బంధువులు పక్క వీధిలోనే అధికారంలో ఉండవచ్చు. ఇంకొంత అనువాదకుడిది: చాలా విచారణల్లో ఆమె మాట దుబాసీ నోటి గుండానే అధికారికి చేరుతుంది. ఈ మూడింటినీ విడదీయకుండా ‘రోమా సంస్కృతిలో స్త్రీ మాట్లాడదు’ అని రాసేస్తే, అది పరిశోధకుల బద్ధకమే.

తెలుగులో ఇలాంటి అధ్యయనానికి ఒక మంచి పూర్వరంగం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలతో స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, పోరాట కాలంతో ఆగకుండా 1951 విరమణ తర్వాత స్త్రీలకు ఏమైందని అడిగింది. జెండర్ దృష్టి అంటే ఈ ప్రశ్న వేయడమే.

తిరిగి పంపడం

శిబిరాలకు వెళ్లకుండా వేలాదిమంది రోమాలు జర్మనీకి పారిపోయారు. అక్కడ చాలామందికి ఆశ్రయం దొరకలేదు, వెనక్కి పంపడం వాయిదా వేసే ‘దుల్దుంగ్’ కాగితం మాత్రం దొరికింది. 2010లో జర్మనీ, కొసావో పునఃస్వీకరణ ఒప్పందం కుదుర్చుకున్నాక బలవంతపు తిరుగు ప్రయాణాలు పెరిగాయి. జర్మనీలోనే పుట్టి జర్మన్ మాట్లాడే పిల్లలు తామెన్నడూ చూడని ‘స్వదేశం’లో దిగారు. తిరిగి పంపిన బడి ఈడు పిల్లల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మళ్లీ బడికి వెళ్లలేదని అదే ఏడాది యూనిసెఫ్ అధ్యయనం తేల్చింది. ‘ఇంటికి తిరిగి రావడం’ అన్న ఊహనే మానవశాస్త్రవేత్త లీసా మాల్కీ తన శరణార్థి పరిశోధనలో ప్రశ్నించింది. మనిషిని మొక్కలా ఒక నేలకే కట్టి చూడవద్దంది.

రోమా స్త్రీల గురించి ఇతరులు రాసిన కాలం ఇప్పుడు మారుతోంది. ఆంజెలా కోట్సే, ఈథెల్ బ్రూక్స్ వంటి రోమా స్త్రీవాద పరిశోధకులు జాతి వివక్షనూ పితృస్వామ్యాన్నీ ఒకేసారి ప్రశ్నించాలంటున్నారు. జాతి ఐక్యత కోసం ఇంటి హింస దాచమనే రోమా నాయకత్వం, రోమా పురుషుణ్ని మాత్రమే దోషిగా చూపించే యూరప్ స్త్రీవాదం రెండూ వాళ్ల విమర్శకు గురయ్యాయి. మన దేశంలో మాత్రం రోమాలంటే ఇప్పటికీ ‘వెయ్యేళ్ల కిందట వలస పోయిన మన బిడ్డలు’ అన్న పులకింతే ఎక్కువ. భాషాశాస్త్రం ఆ వలసను రుజువు చేసింది, నిజమే. చెస్మిన్ లుగ్ తల్లికి ఆ పులకింత ఎందుకూ కొరగాలేదు.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ చేయదగిన పని ఒకటి ఉంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి పారిపోయి ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ ఆదివాసుల దగ్గర భూమి పత్రాలు లేవు, ఎస్టీ ధ్రువపత్రాల చిక్కు తీరలేదు, అటవీశాఖతో ఘర్షణ ఆగలేదు. 2011లో సుప్రీంకోర్టు సల్వా జుడుం తరహా సాయుధ దళాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత గొత్తికోయ స్త్రీలకు ఏమైందో, వాళ్ల భాషలోనే విని, దుబాసీల పాత్రను కూడా నమోదు చేస్తూ రాయడానికి మానవశాస్త్ర విభాగాల విద్యార్థులు ఇప్పుడే పూనుకోవాలి.