ముందద్దం వెనుక సాక్షి

2001 మార్చిలో ఒక రాత్రి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కవెటా కౌంటీ. గంటకు 55 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద పందొమ్మిదేళ్ళ కుర్రాడొకడు 73 మైళ్ళ వేగంతో పోతున్నాడు. పోలీసు బండి లైట్లు వెలిగించి ఆగమంది. అతను ఆగలేదు సరికదా, యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాడు. రెండే వరుసల ఇరుకు రోడ్ల మీద ఆరు నిమిషాలు, దాదాపు పది మైళ్ళు తరుముడు సాగింది. చివరికి ఒక పోలీసు డిప్యూటీ తన కారుతో కుర్రాడి కారు వెనక బంపర్‌ను నెట్టాడు. కారు అదుపు తప్పి, గట్టు దిగి బోల్తా కొట్టింది. కుర్రాడికి కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి.

తప్పెవరిది? వేగం మీరినవాడిని ఆపడానికి ఇంత బలప్రయోగమా అంటూ కుర్రాడు దావా వేశాడు. జిల్లా కోర్టు, అప్పీలు కోర్టు రెండూ దీన్ని జ్యూరీ తేల్చాలన్నాయి. అప్పీలు కోర్టు తీర్పు చదివితే అంతా పద్ధతిగానే జరిగినట్టుంటుంది: రోడ్లు చాలావరకు ఖాళీ, కుర్రాడు మలుపుల దగ్గర ఇండికేటర్ వేశాడు, బండి అతని అదుపులోనే ఉంది.

అప్పుడు సుప్రీంకోర్టు పోలీసు కార్లలోని కెమెరాల టేపు చూసింది. న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియాకు అది హాలీవుడ్ ఛేజింగ్‌లా కనిపించింది. టేపు చూపించే కథకు ఎదురుచెప్పే కథను కోర్టు నమ్మనక్కర్లేదంటూ 2007 ఏప్రిల్ 30న ఎనిమిది మంది డిప్యూటీ పక్షాన నిలిచారు. అంతటితో ఆగకుండా, అనుమానమున్నవాళ్ళు తామే చూసుకోవచ్చన్న ధీమాతో వీడియోను కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టారు.

తొమ్మిదో న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్. అప్పటికి పది రోజుల క్రితమే 87వ ఏడు నిండిన ఆయన అదే టేపు చూసి, కింది కోర్టులు చెప్పినదాన్ని ఇది బలపరుస్తోందన్నాడు. రెండు వరుసల రోడ్ల మీద ఎదురొచ్చే బండిని చూసుకుంటూ ముందు బండిని దాటడం తన తరానికి రోజూ ఉండే పనేనని, సహచరులు అలాంటి కాలంలో డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే ఇంత బెదిరేవారు కాదని చురక కూడా వేశాడు. మన సింగిల్ రోడ్ల మీద ఆర్టీసీ బస్సు ముందు సీట్లో కూర్చున్నవారెవరైనా స్టీవెన్స్ పక్షమే వహిస్తారేమో!

సరదా పక్కన పెడితే, ఆ చురకలో పెద్ద ప్రశ్నే ఉంది. ముగ్గురు న్యాయశాస్త్ర ఆచార్యులు దాన్ని పరీక్షకు పెట్టారు. ఆ టేపును 1,350 మంది అమెరికన్లకు చూపించి, 2009లో హార్వర్డ్ లా రివ్యూలో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ మంది కోర్టుతో ఏకీభవించారు. నల్లజాతివారిలో, తక్కువ ఆదాయం ఉన్నవారిలో, ఈశాన్య రాష్ట్రాలవారిలో మాత్రం కాదన్నవారి పాలు పెరిగింది. టేపు అందరికీ ఒకటే. పోలీసులతో ఎవరి అనుభవం వారిది.

కార్లోకి కెమెరా ఎక్కింది అసలు ఇలాంటి తగువులు ఉండకూడదనే. 1991 జనవరిలో టెక్సస్‌లోని గారిసన్‌లో ఒక కానిస్టేబుల్ కారును ఆపి తనిఖీ చేస్తుండగా ముగ్గురు కలిసి చంపేశారు. అతని బండిలో తిరుగుతున్న టేపే వారిని దోషులుగా నిలబెట్టింది. రష్యాలో మామూలు జనం కార్లకు కెమెరాలు బిగించుకోవడానికి కారణం వేరు. 2003లో బీమా తప్పనిసరి అయ్యాక, కావాలని బళ్ళకు అడ్డంపడి డబ్బు గుంజేవాళ్ళ నుంచి, చేయి చాపే ట్రాఫిక్ పోలీసుల నుంచి కాపాడుకునే సాధనం అదే అయింది. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ ఆకాశంలో ఉల్క పేలినప్పుడు ఆ కెమెరాలే దాన్ని పట్టుకున్నాయి. వాటి దృశ్యాలతో శాస్త్రవేత్తలు ఉల్క వచ్చిన దారిని లెక్కగట్టారు.

జర్మనీలో చర్చ ఇంకోవైపు నడిచింది. మాగ్డెబర్గ్‌లో పక్కపక్క వరుసల్లో ఎడమకు తిరుగుతున్న రెండు కార్లు రాసుకున్నాయి. నువ్వు నా వరుసలోకి వచ్చావంటే, కాదు నువ్వే వచ్చావన్నారు. ఇద్దరి కథలూ జరగడానికి వీలున్నవేనని సాంకేతిక నిపుణుడు తేల్చాడు. ఒకరి కారులో కెమెరా ఉన్నా, దారినపోయేవారి అనుమతి లేకుండా తీసిన వీడియో అంటూ కింది కోర్టులు దాన్ని చూడనే లేదు, నష్టాన్ని చెరిసగం చేశాయి. 2018 మే 15న దేశ అత్యున్నత సివిల్ కోర్టు ఇచ్చిన తీర్పు చిత్రమైనది. అలా ఆపకుండా రికార్డు చేయడం గోప్యత చట్టానికి విరుద్ధమే. అయినా సాక్ష్యంగా మాత్రం చూడవచ్చు.

అదే ఏడాది మార్చి 18, రాత్రి పది కావస్తోంది. అరిజోనాలోని టెంపీలో ఊబర్ పరీక్షిస్తున్న స్వయంచాలక వోల్వో, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. ఆ తరహా కారు వల్ల పాదచారి చనిపోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. పోలీసులు విడుదల చేసిన వీడియోలో అంతా చీకటి, అందులోంచి ఆమె హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ఎవరు నడిపినా తప్పించడం కష్టమేనని నగర పోలీసు అధిపతి తొలిరోజుల్లోనే అనేశారు. స్థానికులు అదే చోట, రాత్రిపూటే ఫోన్లతో తీసిన వీడియోల్లో రోడ్డు ఎంతో వెలుతురుగా ఉంది. చవక కెమెరా చీకటిని ఉన్నదానికంటే నల్లగా చూపిస్తుంది, మనిషి కన్ను సర్దుకుంటుంది.

అసలు గుట్టు లోపలివైపు తిప్పిన కెమెరాలో ఉంది. డ్రైవరు సీటులో కూర్చుని కారును కనిపెట్టుకుని ఉండాల్సిన పర్యవేక్షకురాలి చూపు పదే పదే కిందికి పోతోంది. ఆమె ఫోన్లో టీవీ కార్యక్రమం నడుస్తోందని, ప్రమాదం పూర్తిగా తప్పించదగినదేనని జూన్‌లో పోలీసులే చెప్పారు. కారు సెన్సార్లు 5.6 సెకన్ల ముందే ఏదో ఉందని పసిగట్టాయి. వాహనమా, సైకిలా, మరేదైనానా అని మార్చుకుంటూ పోయాయి తప్ప మనిషని గుర్తించలేదు. 2019 నవంబరులో జాతీయ రవాణా భద్రతా బోర్డు పర్యవేక్షకురాలి పరధ్యానాన్ని ప్రధాన కారణంగా తేల్చి, ఊబర్ భద్రతా లోపాలకు, రాష్ట్ర రవాణా శాఖ ఉదాసీనతకు, అడ్డంగా దాటిన పాదచారికి కూడా వాటా వేసింది. క్రిమినల్ కేసు మాత్రం ఒక్క పర్యవేక్షకురాలి మీదే నడిచింది. 2023లో ఆమె నేరం ఒప్పుకుంటే మూడేళ్ళ ప్రొబేషన్ పడింది.

కాబట్టి వీడియోను చూడటం కంటే కొలవడం మేలు. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో, ఒకదానికొకటి 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు దీపస్తంభాలను కారు 45 ఫ్రేముల్లో దాటితే పట్టిన కాలం సెకనున్నర. అంటే గంటకు 72 కిలోమీటర్లు. డ్రైవరు నలభైలోనే వచ్చానంటే అక్కడ దొరికిపోతాడు. దూరాల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. వెడల్పాటి లెన్సు ఎదుటి బండిని ఉన్నదానికన్నా దూరంగా చూపిస్తుంది.

మన రోడ్ల మీద గుమిగూడిన జనం ఇచ్చే తీర్పు ఎప్పుడూ ఒకటే, పెద్ద బండిదే తప్పు. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ అలా కాదు, సంభావ్యత ఎటు ఎక్కువ మొగ్గుతోందో చూస్తుంది. ఇద్దరి నిర్లక్ష్యమూ ఉంటే పరిహారాన్ని ఆ పాళ్ళలో తగ్గిస్తుంది. అక్కడ డ్యాష్‌క్యామ్, అంటే ఈ కారు కెమెరా, బలమైన ఆధారమే, కాగితాలు సరిగ్గా ఉంటే. కెమెరా యజమాని అసలు పరికరాన్నే తెచ్చి వాంగ్మూలం ఇస్తే సరే, పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తే ధ్రువపత్రం తప్పదని మన సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, ఆ పత్రంలో ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువను కూడా రాయమంటోంది. ఒక్క ఫ్రేము మార్చినా ఆ అంకె మారిపోతుంది.

అంతదాకా రావాలంటే ముందు ఫైలు మిగలాలి. కార్డు నిండగానే ఈ కెమెరాలు పాత దృశ్యాలను చెరిపి వాటి మీదే కొత్తవి రాసుకుంటాయి. గట్టి దెబ్బ తగిలితే సెన్సారు ఆ ముక్కను తాళం వేసి ఉంచుతుంది. చిన్నగా రాసుకుపోతే దానికి తెలియను కూడా తెలియదు. బండిని అలాగే షెడ్డుదాకా నడుపుకుపోయి, మర్నాడు మళ్ళీ ఊరంతా తిప్పేలోపు కార్డు బయటికి తీయకపోతే ఆ దృశ్యం మీద ఇంకో దృశ్యం ఎక్కేసి ఉంటుంది.