తొలి అక్షరమే ఆనవాలు: జపాను ‘హ్యకునిన్ ఇష్షు’ గీతాలు

జపాను సంప్రదాయ గీతమైన ‘వకా’ను సాధారణంగా దాని ఎత్తుగడతోనే గుర్తిస్తారు. 13వ శతాబ్దిలో ఫుజివారా నో తెయికా కూర్చినదిగా ప్రసిద్ధమైన ‘హ్యకునిన్ ఇష్షు’లో నూరుగురు కవుల నూరు గీతాలున్నాయి. ఎదో యుగంలో ఈ సంకలనం ‘కరుతా’ అనే చీట్ల ఆటగా వ్యాపించింది. ఆ పేరు పోర్చుగీసు నుంచి వచ్చింది. గీతం పూర్వభాగాన్ని ఒకరు ఆలపించగా, ఉత్తరభాగం రాసిన చీటీని ఆటగాళ్లు అందుకోవాలి. 1904లో కురోఇవా రుయికో నియమాలను ఏకరూపం చేశాక ఇది వేగప్రధానమైన పోటీగా స్థిరపడింది.

గీతాన్ని నిర్ధారించడానికి వినవలసిన కనీస అక్షరాలే ‘కిమరిజి’. ము, సు, మె, ఫు, స, హొ, సె అక్షరాలతో ఒక్కొక్క గీతమే మొదలవుతుంది కనుక అక్కడ తొలి అక్షరం చాలు. ‘అ’తో మొదలయ్యేవి 16. మూడు జంటల గీతాలకు తొలి ఐదక్షరాలూ సమానం. వాటికి ఆరో అక్షరం దాకా ఆగాలి. అయితే జంటలో ఒకటి చదవడం పూర్తయితే రెండోదాని కిమరిజి కుదించుకుపోతుంది.

కాబట్టి తొలి అక్షరం గీతానికి స్వతస్సిద్ధమైన గుర్తు కాదు. తోటి గీతాలతో గల భేదం వల్ల ఏర్పడినది. అకారాది సూచికలో కన్ను చేసే పనిని ఇక్కడ చెవి చేస్తుంది. ఈ ఆట నూరు గీతాలను జనుల జ్ఞాపకంలో నిలిపింది. కాని గెలుపునకు వాటి అర్థగ్రహణం అవసరం లేకుండా చేసింది.