లయోలా కళాశాలలో ఒక గణితాచార్యుడు

మద్రాసు లయోలా కళాశాలలో 1939 మొదలు గణితము బోధించిన ఫాదర్ చార్లెస్ రసీన్ పేరు మీద ప్రసిద్ధమైన సిద్ధాంతమేదియు లేదు. ఐనను స్వతంత్ర భారతదేశపు గణితచరిత్రను వ్రాయబూనినవాడు ఆయనను దాటి పోజాలడు.

ఈయన 1897లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. జెసూట్ సంఘమున చేరి, పారిస్‌లో ఎలీ కార్టాన్ వద్ద పరిశోధన చేసి డాక్టరు పట్టము పొంది, 1937లో భారతదేశమునకు వచ్చెను. తొలుత తిరుచిరాపల్లిలోను, పిదప మద్రాసులోను అధ్యాపకుడయ్యెను. ఆనాటి ఆనర్సు తరగతులలో గణితమనగా కేంబ్రిడ్జి సంప్రదాయపు చిక్కులెక్కలను నియత కాలములో విప్పుటయే. ఆ విద్య హీనమైనదని నా అభిప్రాయము కాదు. అది బుద్ధికి పదునిచ్చును. కాని అందలి ప్రతి ప్రశ్నకును సమాధానము, ప్రశ్నాపత్రము కూర్చినవానికి ముందే తెలిసియుండును. పరిశోధకుని యెదుట నిలుచు ప్రశ్నకు సమాధానము కలదో లేదో కూడ ఎవరికిని తెలియదు. ఈ రెంటి నడుమనున్న అగాధమును ఇరువది యేండ్ల విద్యార్థి ఒంటరిగా దాటుట యెట్లు?

రసీన్ చేసిన పని యిచ్చటనే. పారిస్‌లో రూపొందుచుండిన నూతన గణితమును, ప్రణాళికలో లేకున్నను, విద్యార్థుల చెవిని వేసెను. చదువదగిన గ్రంథములను చూపెను. ఏది సజీవమైన శాస్త్రమో, ఏది పాతబడినదో గుర్తించు దృష్టిని వారికి కలిగించెను.

కాని పిల్లవానిని పరిశోధనకు పురికొల్పినంత మాత్రమున సరియా? వాడు బ్రదుకుటకు చోటుండవలదా? రసీన్ ప్రోత్సాహము పొందిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరము 1940లో డి.ఎస్‌సి. పట్టము పొందియు ఉద్యోగము దొరకక, పరీక్షార్థులకు పాఠములు చెప్పుకొని జీవింపవలసి వచ్చెను. తుదకు ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనను ఆదరించెను. స్వీడన్ గణితజ్ఞుడు ప్లెయెల్‌తో కలసి 1949లో ఆయన ప్రకటించిన పత్రమును నేటికిని గణితజ్ఞులు స్మరింతురు. మన వాల్తేరు చేసికొన్న పుణ్యమది.

1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థ స్థాపితమైన పిదప దారి తెరువబడెను. రసీన్ తన మేటి విద్యార్థులను బొంబాయికి పొమ్మని ప్రోత్సహించెను. సి.ఎస్. శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్ 1953లోను, సి.పి. రామానుజం 1957లోను అచ్చట చేరిరి. రీమాన్ తలములకు సంబంధించి మొదటి యిరువురు 1965లో ప్రకటించిన సిద్ధాంతము వారి పేరనే లోకమున వ్యవహరింపబడుచున్నది.

రసీన్ 1976లో మరణించెను. శేషాద్రి నాయకత్వమున 1989లో మద్రాసున ఆరంభమైన సంస్థయే నేటి చెన్నై గణిత సంస్థ. 1998లో అందు బి.ఎస్‌సి. తరగతులు తెరచిరి. పదునెనిమిదేండ్ల విద్యార్థికి అచ్చట పాఠము చెప్పువారు పరిశోధకులే.