ఇల్లు చేరిన ధ్వనిలేఖనము
(కళింగాంధ్ర సంగీత చరిత్రలో ఒక ప్రకరణము)

ఒక గిటారు, ఒక సింథసైజరు, కాలితో నొక్కి ధ్వనిని మార్చు ఎఫెక్టు పెడళ్లు రెండు మూడు, ఒక కంప్యూటరు - ఇవి యున్నచో నేడు ఇంటిలోని చిన్నగదియే రికార్డింగు శాల యగుచున్నది. ఇది యువకుల వినోదమాత్రమని పలువురు ఉపేక్షింతురు. కాని శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల సంగీతచరిత్రను పరిశీలించినచో, ఈ గృహప్రయోగము ఒక దీర్ఘపరంపరకు తుదిదశ యని మాకు తోచుచున్నది. పరదేశ వాద్యము వచ్చుట, దానిని ఈ సీమ తనదిగా చేసికొనుట, ధ్వనిని భద్రపరచుటకై గాయకులు ఊరు విడుచుట, తుదకు ఆ సాధనమే ఇల్లు చేరుట - ఈ క్రమమును చూపి, నేడు పరిశోధకులకు కలుగు బాధ్యత యెట్టిదో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటి రెండు దశలకు వయొలినే సాక్ష్యము. 1919లో మహారాజా విజయరామ గజపతి విజయనగరమున స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ యేడే అందు వయొలిను ఆచార్యులై, 1936లో అధ్యక్షపదవి నలంకరించిరి. కర్ణాటక సంగీతమున ఈ వాద్యమును కూర్చుండి, దాని కొనను పాదముపై ఆనించి వాయింతురు. నాలుగు తంత్రులను షడ్జపంచమములకు శ్రుతి చేయుదురు. వాద్యము ఐరోపాదే; శ్రుతియు, ఆసనమును, గమకమును మనవి. విదేశ పరికరమును స్వీకరించుటకు ఇంతకంటె మంచి పాఠము వేరొకటి లేదు.

మూడవ దశకు సాలూరు రాజేశ్వరరావుగారి జీవితము నిదర్శనము. వీరు 1922లో సాలూరు చెంతనున్న శివరామపురమున జన్మించిరి. (2022లో జిల్లాల పునర్విభజన జరుగువరకు సాలూరు విజయనగరం జిల్లాలోనిది, పిమ్మట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది.) తండ్రి సన్యాసిరాజుగారు ద్వారంవారికి మృదంగసహకార మొసగినవారు. బాలుడైన రాజేశ్వరరావు గళమును 1930ల తొలిభాగమున హచిన్స్ సంస్థ బెంగుళూరున గ్రామఫోను రికార్డుల కెక్కించినది. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రమున ఆయన కృష్ణపాత్ర ధరించెను. తరువాతి ‘చంద్రలేఖ’ (1948), ‘మల్లీశ్వరి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) సర్వజనవిదితములు.

ఆ కాలపు రికార్డున ఒక ముఖమునకు సాధారణముగా ఇంచుమించు మూడు నిమిషములే పట్టును. మైనపు పలకపై చెక్కిన ధ్వనిని దిద్దుటకు వీలులేదు. తప్పిన మొదటినుండి పాడవలసినదే. అట్టి యంత్రము ఏ గృహస్థునకును అందుబాటులో నుండలేదు. కావుననే సాలూరువారేకాక, విజయనగర కళాశాలలో చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, విజయనగరమున జన్మించిన పి. సుశీలగారును మదరాసు చేరవలసివచ్చినది. గళము ఈ సీమది. యంత్రము దూరదేశమున నున్నది.

ఈ దూరమెట్లు తరిగెనో చూతము. అమెరికాలో లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు 1940లలో తన గ్యారేజీయందే ఒక వాదనముపై మరియొక వాదనమును పేర్చి రికార్డు చేయు ప్రయోగములు జరిపెను. 1979లో టీయాక్ సంస్థ సాధారణ కాసెట్టుపై నాలుగు ధ్వనిరేఖలను వేర్వేరుగా నిలుపు చిన్నయంత్రమును విక్రయించినది. 1983లో వేర్వేరు సంస్థల సింథసైజర్లు ఒండొంటితో సంభాషించుటకు ‘మిడి’ అను ఉమ్మడి పద్ధతి వెలసినది. యాదృచ్ఛికమేయైనను గమనింపదగిన దేమన, రాజేశ్వరరావుగారి కుమారుడు కోటి, టి.వి. రాజుగారి కుమారుడు రాజ్‌తో గూడి సంగీతదర్శకుడైనది ఆ 1983లోనే, ‘ప్రళయ గర్జన’ చిత్రముతో. ఆ జంట కొలువున కీబోర్డు వాయించిన యువకుడే ఎ.ఆర్. రెహమాన్, ఆయన ‘రోజా’ (1992) సంగీతము మదరాసున తన యింటి పెరటి స్టూడియోలో రూపొందినది. మృదంగమునుండి సింథసైజరు వరకు ఒక వంశము నడచిన దారి యిది.

నేడు ఆ గది శ్రీకాకుళపు వీథిలోను ఉండవచ్చును. ఎఫెక్టు పెడలు చేయుపని ఈ సీమకు కొత్తది కాదు. జముకును చూడుడు. ఒకవైపు చర్మము మూసిన పాత్ర. చర్మమధ్యమునుండి వెడలు తంత్రి. దానిని బిగించుచు సడలించుచు మీటగా స్వరము జారుచుండును. సింథసైజరుపై స్వరమును వంచుటకు అమర్చిన చక్రముయొక్క పనియు ఇదియే.

అయితే ఒక యపాయము కలదు. రివర్బు అను ఎఫెక్టు గోడల ప్రతిధ్వనిని కల్పించును. తప్పెటగుళ్ల బృందము ఊరిబయట, ఆకాశము క్రింద ఆడును. దానికి రివర్బు చేర్చినచో, వారెన్నడును అడుగిడని మహాసభలో వారిని నిలిపినట్లగును. మైక్రోఫోనును ఱొమ్మున నున్న తప్పెట చెంతనే పెట్టినచో కాలి గజ్జెల సవ్వడి అడుగంటును. మఱి యంత్రముతో వచ్చు సిద్ధధ్వనులనే నమ్మినచో, గది శ్రీకాకుళమున నున్నను ధ్వని పరదేశముదే యగును.

కావున పరిశోధకులకు మా మనవి రెండు విషయములను గూర్చి. గాయకుని ధ్వనిని యథాతథముగా ఒక రేఖపై నిలిపి, ఎఫెక్టులను ప్రతిపై మాత్రమే ప్రయోగింపవలెను. ధ్వనితో కలిపి ఎక్కించిన ఎఫెక్టును పిదప విడదీయుట దుష్కరము. రెండవది, పాడినవారి పేరు, ఊరు, తేది, అనుమతి అప్పుడే వ్రాసికొనవలెను. పేరు పోయిన పాట ఎవరి సొత్తైనను కావచ్చును. పాడినవానిది మాత్రము కాజాలదు.

తాళపత్రమునకు పాఠపరిష్కర్త యెట్టివాడో, ఈ గృహశాలలో కూర్చున్న యువకుడును అట్టివాడే. మూలపాఠమును చెఱుపక తన వ్యాఖ్యను వేరుగా వ్రాయుట అతని ధర్మము. ద్వారంవారు వయొలినును తమ సంప్రదాయమునకు లోబఱచుకొనిరి. గిటారును, సింథసైజరును అట్లే లోబఱచుకొనుట ఈ తరమువారి పని.