ఒంటరి బాటసారి తొలి చూపు

పరదేశంలో ఒంటరిగా అడుగుపెట్టిన మనిషికి ముందుగా మనస్సుకు తగిలేది ఏమిటి? అక్కడి కోటలా, కొండలా, సంతలా? ఇందుకు చరిత్రలో మంచి సాక్షి ఒకడున్నాడు. ఆయన చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్. మన ఆంధ్రదేశాన్ని కళ్ళారా చూసి వర్ణించిన పరదేశి గనుక, ఆయన కథ మనకు పరాయిది కాదు.

ఆయన ఇల్లు విడిచినది క్రీ. శ. 629లో. 627 అని కొందరి లెక్క. అప్పటికి ముప్పై యేండ్లు నిండలేదు. చైనాలో దొరికే బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగక, మూలాలను వాటి పుట్టినింటనే చదవాలని సంకల్పించాడు. ప్రజలు సరిహద్దు దాటరాదని అప్పట్లో రాజాజ్ఞ. అందుచేత పగలు దాగి, రాత్రులు నడిచాడు. దారి చూపుతానన్న మనిషి మధ్యలోనే భయపడి వెనుదిరిగాడు. ఇక తోడు ఒక బక్కచిక్కిన ముసలి గుర్రమే.

ఎదుట 800 'లీ'ల ఎడారి. మూడు లీలు సుమారొక మైలు. నీళ్ళతిత్తి చేజారి ఉన్న నీరంతా ఒలికిపోయింది. చేసేదిలేక పది లీలు వెనక్కు నడిచాడు. అంతలో, భారతదేశం చేరనిదే తూర్పుకు ఒక్క అడుగైనా వేయనన్న తన ప్రతిన గుర్తుకు వచ్చి, మళ్ళీ పడమరకే తిరిగాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు గొంతులో చుక్క నీరు పడలేదు. చివరకు గుర్రమే పచ్చికను, మడుగును కనిపెట్టి ఆయన ప్రాణం నిలిపింది.

అలా ఎడారి దాటి హామీ అనే ఊరు చేరాడు. ఆయన శిష్యుడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రలో ఇక్కడొక ముచ్చట ఉన్నది. ఆ ఊరి విహారంలో ముగ్గురు చైనా భిక్షువులు ఉండేవారు. వచ్చినవాడు స్వదేశీయుడని విని, వారిలో ఒక ముదుసలి కాళ్ళకు చెప్పులైనా లేకుండా పరుగున వచ్చి, కౌగిలించుకొని భోరున ఏడ్చాడు. ఈ జన్మలో మళ్ళీ తన దేశపు మనిషిని చూస్తానని అనుకోలేదట!

దీని భావం మన పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు. పరాయి ఊరి సంతలో ఎవరో తెలుగులో బేరమాడుతూంటే తల తిప్పి చూడనివారు మనలో ఎవరు? ఒంటరివానికి కంటికంటె ముందు చెవి మేలుకొంటుంది.

హ్యూయన్‌త్సాంగ్ తాను చూసిన దేశాలలో నేల, పంట, జనుల నడతలతోపాటు మాటతీరును కూడ గమనించాడు. 639 ప్రాంతంలో కళింగ, కోసలాల మీదుగా ఆంధ్రదేశానికి వచ్చాడు. ఆయన చెప్పిన రాజధాని వేంగి అని చరిత్రకారులు గుర్తించారు. నేల సారవంతమన్నాడు, ఎండ మెండన్నాడు, జనులు ఆవేశపరులన్నాడు. కాదని వాదానికి దిగితే ఆయన మాటే నిజమవుతుంది! ఇక్కడి భాష మధ్యదేశపు భాషకంటె వేరనీ, లిపి మాత్రం చాలవరకు అదేననీ వ్రాశాడు. అంటే నన్నయకు నాలుగు వందల యేండ్లకు ముందే ఒక పరదేశి చెవి మన మాటను వేరుగా పోల్చుకొన్నది.

ఆ తరువాత ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగాడు. అక్కడి విహారాలు అప్పటికే చాలవరకు పాడుబడ్డాయి. అయినా సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకొని, బదులుగా మహాయాన శాస్త్రాలు వారికి బోధించాడు. పరాయి నేలమీద గౌరవంగా నిలిచే మార్గం ఇదే గదా: కొంత నేర్వడం, కొంత నేర్పడం.

645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరాడు. మరుసటి యేడే తన యాత్రావిశేషాలను గ్రంథస్థం చేశాడు. కనుకనే దాదాపు 1400 యేండ్ల తరువాత కూడ నాటి వేంగి నేలను ఆయన కళ్ళతో చూడగలుగుతున్నాము.

మరి మన పెద్దల సంగతి? విజయనగర, నాయక రాజుల కాలాలలో తమిళదేశానికి, తరువాతి కాలంలో కోలారు గనులకు, షోలాపూరు మగ్గాలకు, బొంబాయి మిల్లులకు తరలిపోయినవారు ఎందరో. వారి తొలి చూపు మన ఇండ్లలో నోటిమాటగానే మిగిలింది. ఆ నోళ్ళు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. పొరుగుభాషలో మొదట నేర్చిన మాట ఏది, మొదట ఆదరించిన ఇల్లు ఏది, మొదట తెలుగు వినబడిన చోటు ఏది — ఈ ఉగాదినాడు ఇంటి పెద్దలను ఈ మూడు ప్రశ్నలు అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. రాబోయే యేటి సంగతి పంచాంగం చెబుతుంది. గడిచినదానిని మనమే చెప్పుకోవాలి.